చచ్చిన తీగ, తన్నే గేదె

మా ఇంటికి కరెంటు స్తంభం మీంచి రెండు తీగలు వచ్చేవి. కాపురానికి వచ్చిన కొత్తలో, రెండెందుకని మా మామను అడిగాను. ఆయన నోట్లోంచి చుట్ట తీసి, తలెత్తి ఆ తీగల్ని కాసేపు పరీక్షగా చూసి, "ఒకటి తెగితే ఇంకోటి ఉంటాదని" అన్నారు.

నాకది చాలా సబబుగా తోచింది. మా పుట్టింట్లో నూతి దగ్గర కూడా రెండు చేదతాళ్లు ఉండేవి. కరెంటు వాళ్లు కూడా మా అమ్మలాగే ముందుచూపు ఉన్నవాళ్లని సంతోషపడి నా పనిలో నేను పడ్డాను. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ ఒక్క ముక్క తెలివితో పదహారేళ్లు కాపురం చేశాను. మిక్సీ తిప్పాను, ఫ్రిజ్జు వాడాను, సెల్లుకి చార్జింగు పెట్టాను. ఏ లోటూ రాలేదు.

లోటు వచ్చింది ఒక వేసవి మొదట్లో, సాయంకాలం లేచిన గాలిదుమారంతో.

మాది గజపతినగరానికి అవతల, మెట్ట చేల మధ్యనున్న ఊరు. గాలి లేచిందంటే అడ్డం అంటూ ఉండదు. ఆ రోజు గాలికి స్తంభం దగ్గర మా రెండు తీగల్లో ఒకటి ఊడి వేలాడింది. ఊళ్లో అందరి ఇళ్లలో లైట్లున్నాయి, మా ఇంట్లోనే లేవు. మా ఆయన భోగాపురంలో విమానాశ్రయం పనులకు వెళ్లి వారానికి ఒక్కసారే ఇంటికి వచ్చేవారు. అందుకని ఇంట్లో కరెంటు వ్యవహారమంతా మా మరిదిది. అతను గోడ అవతలే వేరు కాపురం ఉండేవాడు. పెళ్లి పందిళ్లకీ, అమ్మవారి పండగలకీ రంగు లైట్లు కట్టడం అతని పని. జేబులో ఎప్పుడూ ఎర్ర పిడి టెస్టరు ఒకటి తొంగి చూస్తూ ఉండేది. అది లేకుండా అతను పెళ్లి భోజనానికి కూడా వెళ్లేవాడు కాదు.

వచ్చి, స్తంభం వైపు చూసి, తేలిగ్గా నవ్వేశాడు.

"భయపడకు వదినా. తెగింది సచ్చిన తీగే."

"సచ్చిన తీగేటి బాబూ?"

"టెస్టరు ఎడితే రెండింట్లో ఒకటే ఎలుగుతాది. ఎలిగింది బతికున్న తీగ. ఎలగంది సచ్చిన తీగ. మనకి బతికున్నది బాగానే ఉన్నాది."

"మరది బాగుంటే లైటు ఎలగదేటి?"

ఆ ప్రశ్న అతనికి నచ్చలేదు. మీటరు బోర్డు విప్పి, జానెడు తీగముక్క ఒకటి తెచ్చి, ఊడిన తీగ తాలూకు చోటికీ, ఎర్తు తీగకీ కలిపి బిగించాడు. లైట్లు వెలిగాయి. పందిళ్ల దగ్గర తీగ చాలనప్పుడు నేలలో ఇనప చువ్వ దిగ్గొట్టి ఇలాగే లాక్కొస్తానని చెప్పాడు. లైన్‌మేన్‌కి కూడా ఒక మాట చెబుదామా అని నేనంటే మా మామ కసురుకున్నారు.

"సచ్చిన తీగకి లైన్‌మేన్ని పిలిసి దినం సేయిస్తామేటి? ఎలగతన్నాది కదా, ఒగ్గీండి."

ఎర్తు అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఇల్లు కట్టినప్పుడు పెరట్లో పశువుల శాల పక్కన లోతుగా గొయ్యి తీసి, ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గులూ కల్లుప్పూ పోసి పూడ్చారు. గొట్టం కొస మూరెడు పైకి కనిపిస్తూ ఉంటుంది. ఇంట్లోంచి ఒక తీగ దానికి వెళ్తుంది. అది దేనికో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మా అత్తకి మాత్రం ఆ గొయ్యి మీద మొదటి నుంచీ కోపమే. అటు వెళ్లినప్పుడల్లా మూతి తిప్పుకునేది.

"బస్తాడు ఉప్పు నేలలో పాతేసినారు. నేల మనకేటి ఆవకాయ పెడతాదా?"

మూడు వారాలు బాగానే గడిచాయి. ఎండలు ముదిరాయి. అప్పుడు లైట్లు నీరసపడటం మొదలెట్టాయి. వంటింట్లో ఉన్న పాతకాలపు గుండు బల్బు పండిన ఈతపండులా ఎర్రగా వేలాడేది. ఫ్యాను రెక్కలు కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. మరిది వచ్చి, ఈసారి టెస్టరు కూడా తీయకుండానే జబ్బేమిటో చెప్పేశాడు.

"నేల ఎండిపోనాది వదినా. ఎర్తుకి దాహం. రోజూ సాయంత్రం ఓ బిందెడు నీల్లు పొయ్యి."

పోశాను. ఆశ్చర్యం ఏమంటే, నేను పెరట్లో గొట్టం మొదట్లో నీళ్లు పోస్తుంటే వంటింటి కిటికీలోంచి బల్బు ఎర్రదనం పోయి పచ్చగా, పచ్చదనం పోయి తెల్లగా వెలిగింది. ఫ్యాను ఊపందుకుంది. మొక్కకి నీళ్లు పోస్తే రేపటికో ఎల్లుండికో చిగురేస్తుంది. కరెంటుకి పోస్తే అప్పటికప్పుడే. నాకు సరదా వేసి రోజూ పొద్దు వాలేసరికి బిందె ఎత్తుకునేదాన్ని.

వేసవిలో నేలపాలయ్యే బిందెడు నీళ్లు చూసి మా అత్త ఊరుకోగలదా? రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు గుంజ పీకించి, గేదెను తెచ్చి ఎర్తు గొట్టం పక్కన కట్టేసింది.

"గేదిని కడిగిన నీల్లు ఆ గోతిలోకే పోతాయి. గేదీ సల్లబడతాది, లైటూ ఎలుగుతాది. ఇంతమంది మొగోళ్లున్నారు, ఒక్కడికి తోసింది కాదు."

ఆ తెలివికి ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. నేను కూడా మెచ్చుకున్నాను, దాచడం దేనికి?

ఆ గేదె గురించి చెప్పాలి. అది మా ఇంట్లోనే పుట్టింది. పుట్టిన వారానికే తల్లి పోయింది. మా అత్త దానికి గంజిలో వేలు ముంచి నాకించి, రాత్రుళ్లు తన పాత చీర కప్పి పెంచింది. అది పెద్దదై ఈనినా ఆవిడ దృష్టిలో ఇంకా పెయ్యదూడే. పాలు పితికేటప్పుడు ఇంట్లో సంగతులన్నీ దానికి చెప్పేది. మా మామ గురించి నాకు తెలియని విషయాలు కూడా ఆ గేదెకు తెలుసు. మరొకరు పొదుగు మీద చెయ్యి వేస్తే పాలు చేపేది కాదు.

అటువంటి గేదె, చోటు మార్చిన వారానికల్లా తన్నడం మొదలెట్టింది. మా అత్తనే తన్నింది. ఎండలో తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడ్డ మనిషిలా ఒక కాలు ఎత్తి, అది దించి, ఇంకో కాలు ఎత్తేది. పాలు చేపడం మానేసింది. తవ్వెడు పాలు రావడం గగనమైపోయింది.

అత్త ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. వేపాకు పొగ పెట్టింది. మెడలో కొత్త గంట నచ్చలేదేమోనని విప్పేసింది. పశువుల డాక్టరు వచ్చి పొదుగు చూసి, నాలుక చూసి, రోగం ఏమీ లేదన్నాడు. "రోగం నేకపోతే మరి అలిగిందేటి?" అని అడిగింది అత్త. అలక తన చదువులో లేదని ఆయన వెళ్లిపోయాడు.

ఒకనాడు అది విసిరిన కాలికి బకెట్టు ఎగిరి మా మామ మోకాలి చిప్పకు తగిలింది. ఆయన కుంటుకుంటూ అరుగు మీద కూర్చుని, ఇంటికంతటికీ వినబడేలా చెప్పారు.

"ఈ గేదిని అమ్మేత్తాను. బేరగాడికి కబురెడతన్నాను."

మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"దాన్ని తోలితే నన్నూ తోలీ. ఇద్దరికీ ఒకటే పలుపు కట్టీ."

"దాన్నంటే ఎవడో ఒకడు కొంటాడు. నిన్నెవడు కొంటాడే?"

మామూలు రోజైతే అత్త ఈ మాటకి నాలుగు మాటలు అనేది. ఆ రోజు అనలేదు. వెళ్లి గేదె పక్కన కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆవిడ తిట్టకుండా ఉండగా నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత ఓ చిత్రం జరిగింది. సాయంత్రం పూట కరెంటు పోయింది. ఆ చీకటిమాటున అత్త ఊరికే అలవాటు కొద్దీ పొదుగు మీద చెయ్యి వేసింది. గేదె కదలకుండా నిలబడి బకెట్టు నిండా నురుగుతో పాలిచ్చింది! మర్నాడు కరెంటు ఉంది, తన్నింది. ఆ మర్నాడు కరెంటు పోయింది, ఇచ్చింది. గేదెకి వెలుతురు పడటం లేదని అత్త తేల్చేసింది. శాలలో బల్బు తీయించింది. శాల కిటికీకి గోనెపట్టా కట్టింది. లాభం లేకపోయింది. ఇక దేవుడి మీద భారం వేసింది. ఊరంతా కరెంటు పోతే తిట్టుకునే రోజుల్లో మా అత్త ఒక్కతే, పోయినందుకు చేతులు జోడించేది.

బేరగాడు వస్తానన్న రోజు ఉదయం. పట్టపగలు, ఇంట్లో ఒక్క లైటు కూడా వెలగడం లేదు. నేను అట్లకి మినప్పప్పు మిక్సీలో వేసి తిప్పుతూ కిటికీలోంచి చూశాను. గేదె కాళ్లు ఎత్తుతోంది. మిక్సీ ఆపాను. కాళ్లు దించి నెమరు వేసుకుంది. తిప్పాను, ఎత్తింది. ఆపాను, దించింది. మా పెరట్లో గేదె, నా చేతిలో మిక్సీ, మధ్యలో గోడ. అయినా దాని కాళ్లు నా వేలు చెప్పినట్టు ఆడుతున్నాయి.

"అత్తా! ఇటు రా!"

అత్త వచ్చింది. కిటికీ దగ్గర నిలబెట్టి చూపించాను.

"ఒసే, మల్లీ తిప్పు." తిప్పాను. "ఆపు." ఆపాను. "మల్లీ... ఒద్దొద్దు, ఆపీ ఆపీ, నా తల్లి గెంతతన్నాది! ఏటే ఇది?"

"కరెంటత్తా. ఆ గోతిలోకి కరెంటు ఎల్తన్నాది. మనం నీల్లు పోస్తే బల్బు ఎందుకు ఎలుగుతాదనుకున్నావు? ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే సెయ్యి జివ్వుమనడం నేదా మనకి? దానికి నాలుక్కాల్లూ జివ్వుమంటన్నాయి."

ఫ్రిజ్జు తలుపు నిజంగానే నెల రోజులుగా జివ్వుమంటోంది. మేము పిడికి గుడ్డ చుట్టి వాడుకుంటున్నాం.

వెంటనే వెళ్లి మామకి చెప్పాం. మరిదిని కూడా పిలిచాం. ఇద్దరూ విని పొట్ట పట్టుకుని నవ్వారు.

"వైరు నేదు, ప్లగ్గు నేదు. గేదికి కరెంటు ఎక్కడ్నించి ఎక్కుతాదే? తోకలోంచా?" అన్నారు మామ.

"వదినా, అట్ల గురించి సెప్పు, వింటాను. కరెంటు గురించి సెప్పకు," అన్నాడు మరిది. అంతటితో ఊరుకోకుండా మాకు రుజువు చూపిస్తానని జేబులో టెస్టరు తీసి, కాళ్లకి రబ్బరు చెప్పులతో వెళ్లి, గేదె వీపు మీద ఆనించాడు. గేదె మెడ తిప్పి అతని వంక అదోలా చూసింది. టెస్టరు వెలగలేదు.

"సూసినారా? సచ్చిన గేది!" అని నవ్వాడు. అత్త చీపురు అందుకునేసరికి గోడ దూకేశాడు.

ఇక మేమిద్దరమే మిగిలాం. గేదెను మళ్లీ పాత చోట కట్టేద్దామని నేనన్నాను. అత్త అప్పటికే ఒక అడుగు ముందుకు ఆలోచించింది.

"సోటు మారిస్తే పాలిస్తాది. పాలిస్తే ఆడు తోలుకుపోతాడు. తన్నాల. ఆడు కూకున్నప్పుడల్లా తన్నాల. అప్పుడు ఆడికి ఒద్దు. ఆడు ఎల్లినాక సోటు మారుస్తాం."

మా వైపు గేదె బేరమంటే కొనేవాడు వచ్చి, తన చేత్తో పాలు పిండి చూసుకుంటాడు. అమ్మేవాడి మాట ఎవడూ నమ్మడు, పొదుగు మాటే నమ్ముతాడు. కాబట్టి బేరమంతా ఆ ఒక్క పితుకుడు మీదే ఉంది. అతను కూర్చున్నప్పుడు నేను మిక్సీ దగ్గర ఉండాలి, అత్త గేదె తల దగ్గర ఉండాలి, అత్త దగ్గితే నేను మీట నొక్కాలి. ఇదీ మా ఏర్పాటు. ఇన్నాళ్లూ కరెంటు పోవాలని మొక్కిన మనిషి, ఆ సాయంత్రం కరెంటు పోకూడదని మొక్కింది.

బేరగాడు పొద్దుండగానే వచ్చాడు. తలపాగా చుట్టుకున్న ముసలాయన. మామ కంటే పెద్దవాడైనా వరస కలుపుకుని బావా అని పిలిచాడు. అందుకని అత్త కూడా మొహమాటానికి అన్నయ్యా అనక తప్పలేదు. మామ ఆయన్ని కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, టీ ఇప్పించి, "అప్పుడప్పుడు కాలిసురుతాది గానీ మంచి గేది" అన్నారు. పాలిస్తే రేపు తోలుకుపొమ్మని మాట కూడా ఇచ్చేశారు.

ముసలాయన చెప్పులు విడిచి, పొదుగు కడిగి, ఆ తడిలోనే గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య స్టీలు బకెట్టు. నేను వంటింట్లో నానబెట్టిన పప్పు వేసి సిద్ధంగా ఉన్నాను. అత్త గేదె గంగడోలు నిమురుతూ గుసగుసలాడటం నాకు వినిపించింది. "కొద్దిగా ఓర్సుకో తల్లీ. నీ కోసవే."

దగ్గింది. నొక్కాను. గేదె కాలెత్తింది. ముసలాయన తొట్రుపడకుండా, "హో, హో" అని దువ్వాడు. ఆపాను. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ దగ్గు. మళ్లీ నొక్కాను. ఈసారి గేదె గట్టిగా కదిలింది. ఆయన వెనక్కి ఒరిగి, లేవడానికి ఆసరాగా తడిచేత్తో పక్కనున్న ఎర్తు గొట్టాన్ని పట్టుకున్నాడు.

గేదె అడ్డం రావడంతో ఆ తర్వాత జరిగింది నాకు కనిపించలేదు, వినిపించింది అంతే. "అమ్మ నాయనో!" అని ఒక కేక. బకెట్టు దొర్లిన చప్పుడు. అత్త ఆగకుండా దగ్గడం. పాపం, ఆవిడకి భయంతో నిజంగానే పొలమారిందట. నాకేం తెలుసు? ఇంకా గట్టిగా తన్నాలేమోనని మిక్సీ ఆఖరి నంబరుకి తిప్పాను.

"ఆపండి! ఎవర్రా అక్కడ, మిసను ఆపండి!"

ఆపి పరుగెత్తాను. ముసలాయన తలపాగా ఊడిపోయి, చెయ్యి దులుపుకుంటూ దూరంగా నిలబడి ఉన్నాడు. దేవుడి దయ, గొట్టం చేతికి అంటుకుపోకుండా విసిరేసిందట. మామ నోట్లో చుట్ట నోట్లోనే ఆరిపోయింది.

"బావా," అన్నాడు ముసలాయన, ఊపిరి తీసుకుని. "మీ గేది తన్నడం నేదు. మీ నేల తంతన్నాది."

ముందు మెయిను స్విచ్చి కట్టేయమన్నాడు. కట్టేశాక గానీ మమ్మల్ని కదలనివ్వలేదు. ఆయనకి ఇదంతా తెలుసు. వాళ్ల ఊళ్లో మోటారు షెడ్డు దగ్గర తడి నేల మీద ఇలాగే ఓ దూడ పోయిందట. ఆ మాట వినగానే అత్త గేదె మెడ పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. అది కూడా దేనికో విడుదలైనట్టు పరుగులాంటి నడకతో వెళ్లింది.

ముసలాయన వదల్లేదు. వీధిలోనే మళ్లీ కూర్చున్నాడు. గేదెకి నెల రోజుల తర్వాత పొడినేల దొరికింది, పక్కన అత్త ఉంది. కొత్త చెయ్యి అని కూడా చూడకుండా చేపేసింది. బకెట్టులో పాలు ధారగా పడ్డాయి. నురుగు అంచు దాటింది. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలు వచ్చినందుకో, పాలు వచ్చేసినందుకో తెలియదు.

"నికార్సైన గేది," అన్నాడు ముసలాయన చేతులు కడుక్కుంటూ. "రేపు పొద్దున్నే తోలుకెల్తాను."

మామ బకెట్టు వంక చూశారు. ముసలాయన్ని చూశారు. మళ్లీ బకెట్టును చూశారు.

"ఈ గేదిని అమ్మను," అన్నారు.

"అదేటి బావా! పాలిస్తే తోలుకుపొమ్మని మాటిచ్చినావు."

"నానిచ్చిన మాట తన్నే గేదికి. ఇది తన్నదు కదా. ఇది వేరే గేది."

"టీ తాగీలోపు గేది మారిపోతాదేటి?"

"నువ్వే మార్సినావు కదా బావా. తన్నే గేది ఎప్పుడైనా దొరికితే నీకే కబురెడతాను."

ముసలాయన మొదట ఎర్రబడ్డాడు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. అత్త లోపలికి వెళ్లి పెద్ద గ్లాసు తెచ్చి, ఆ పాలే పోసి ఇచ్చింది. ఈసారి మొహమాటం లేకుండా, "తాగెల్లు అన్నయ్యా. మళ్లీ రా. బేరానికి కాదు, ఊరికే రా" అంది.

మామే కబురు పెట్టగా, మర్నాడు పొద్దున్నే లైన్‌మేన్ వచ్చాడు. బోర్డు విప్పి, జానెడు తీగముక్క చూసి, గడపలో కూర్చుండిపోయాడు. అప్పుడు మాకు సంగతి తీవ్రత తెలిసింది.

"రోజూ ఈ గొట్టం దగ్గర నీల్లు పోసిందెవరు?"

"నేనే బాబూ. ఒంగుని పోసేదాన్ని."

"సెప్పుల్తోనా?"

"పెరట్లో సెప్పులెందుకు?"

అతను తల పట్టుకున్నాడు. మామ నా వైపు చూడలేకపోయారు. మరిది గడ్డికుప్ప వెనక నిలబడ్డాడు. అత్త వెళ్లి, అతని జేబులోంచి టెస్టరు లాగేసి, ఉట్టి మీద ఊరగాయ జాడీ వెనక పెట్టేసింది. అది ఏడాది పాటు అక్కడే ఉంది.

"అది సచ్చిన తీగ కాదక్కా," అన్నాడు లైన్‌మేన్ చివరికి. "నూట్రల్ అంటారు. ఒక తీగలో వచ్చిన కరెంటు రెండో తీగలోంచి తిరిగి ఎల్లాల. ఎల్లడానికి దారి నేకపోతే అసలు రాదు. మీరు ఆ దారి తీసి, దాన్ని నేలలోంచి నడిపించినారు. ఎర్తు అన్నది ఆపదొస్తే పారిపోడానికి ఉన్న పెరటి గుమ్మం. మీరు రోజూ ఊరేగింపుని పెరటి గుమ్మంలోంచి పంపించి, ఆ గుమ్మంలో గేదిని కట్టినారు."

"వచ్చి ఎల్తాదంటన్నావు. ఎంతసేపటికి ఎల్తాది?"

"సెకనుకి యాభై సార్లు ముందుకీ, యాభై సార్లు వెనక్కీ ఊగుతాది. ఒక్కచోట కుదురుగా ఉండదు."

"ఎక్కడో పవర్‌హౌసులో పుట్టింది ఇంత దూరం వస్తాదని కదా అంటారు?"

"అది రాదక్కా. తీగలో ఉన్నది ఉన్నచోటే ఊగుతాది. ఊపు మాత్రం అక్కడ్నించి వస్తాది."

నా చేతులకి ఏదో గుర్తొస్తోంది, తలకి ఇంకా అందలేదు. అప్పుడు తట్టింది.

"కవ్వం తాడు," అన్నాను.

"ఏటక్కా?"

"మజ్జిగ సిలికినప్పుడు తాడు రెండు కొసలూ రెండు సేతుల్తో పడతాం కదా. ఇటు లాగుతాం, అటు లాగుతాం. తాడు ఎక్కడికీ పోదు, సేతుల్లోనే ఉంటాది. అయినా కవ్వం తిరుగుతాది. ఇటు లాగినా ఎన్న వస్తాది, అటు లాగినా ఎన్న వస్తాది. ఒక కొస ఒగ్గీసినావనుకో, రెండో కొస ఎంత లాగినా కవ్వం తిరగదు, తాడు ఊడి సేతికొస్తాది. ఆ ఒగ్గీసిన కొసే సచ్చిన తీగ. మన మరిదిబాబు ఆ కొస తెచ్చి నేలకిచ్చినాడు. నేల ఎండితే దానికి పట్టు నేదు, బల్బు ఎర్రబడింది. తడిస్తే పట్టు దొరికింది, తెల్లబడింది."

లైన్‌మేన్ గడపలోంచి లేచాడు. "నేను ఈ కరెంటు గురించే రెండేల్లు సదివినానక్కా. ఇలగ ఎవులూ సెప్పినోరు నేరు."

"దానికి సదువు రాదు బాబూ," అంది అత్త. "మజ్జిగ వస్తాది."

మామకు మాత్రం ఒక సందేహం మిగిలింది. "కరెంటు ఎక్కడి నుంచీ రానప్పుడు, ఆ మీటరు ఎందుకు తిరుగుతాది?"

"మావా, తాడు ఎక్కడికీ పోకపోయినా మజ్జిగ సిలికితే రెక్కలు పీకవా? ఆ పీకుడే మీటరు సూసుకుంటాది," అన్నాను. లైన్‌మేన్ అవునన్నాడు. మామ గడ్డం గోక్కుంటూ స్తంభం వైపు నడిచారు.

లైన్‌మేన్ ఫోను చేసి లైను ఆపించి, స్తంభం ఎక్కి తీగ కలిపి బిగించాడు. కిందికి వచ్చి బోర్డులో జానెడు ముక్క పీకి అవతల పారేశాడు. కరెంటు రాగానే తన మీటరుతో గొట్టమంతా, తడినేలంతా, ఫ్రిజ్జు తలుపంతా చూశాడు. ఏమీ లేదన్నాడు.

"ఇంకేం, గేదిని తెచ్చి కట్టీండి," అన్నారు మామ.

అత్త కదలలేదు. గేదె పలుపు చేతికి చుట్టుకుని వీధి గుమ్మంలోనే నిలబడింది.

"లైన్‌మేన్ మిసను మాట నాకు తెల్దు. గేదికి నోరు నేదు, సెప్పుకోనేదు. ముందు నువ్వు నిలబడు."

"నానా?"

"అమ్మేత్తానన్నోడివి నువ్వే కదా. సెప్పులు ఒగ్గీ. పంచె ఎగ్గట్టు."

ప్రమాదం లేదని లైన్‌మేన్ నవ్వుతూ చెప్పాడు. పరువు కోసం మామ చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, గొట్టం పక్కన గేదె నిలబడే చోటే నిలబడ్డారు. అత్త పలుపు నాకిచ్చి, బిందెడు నీళ్లు తెచ్చి ఆయన పాదాల మీద నిదానంగా, ఒక్క చుక్క వృథా కాకుండా పోసింది. తర్వాత పలుపు తీసుకుని నన్ను లోపలికి పంపింది.

మిక్సీ వేశాను. కిటికీలోంచి చూస్తే మామ కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు బిగించి నిలబడి ఉన్నారు. కాసేపటికి ఒక కన్ను తెరిచారు.

"ఏటీ అవ్వడం నేదే."

"కాలెత్తు, సూద్దాం."

ఎత్తారు.

"ఇంకోటి."

అదీ ఎత్తారు. గడ్డికుప్ప వెనక మరిది, గడపలో లైన్‌మేన్ నవ్వాపుకోవడానికి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వీధి గుమ్మంలోంచి గేదె నెమరు వేసుకుంటూ ఆయన వంక చూస్తోంది. రమ్మని పలుపు కదిపితే అది ముందుకు ఒక్క అడుగు కూడా వేయలేదు.

"సాలు కదా? ఆపమను కోడల్ని," అన్నారు మామ.

"ఆపకే!" అని అరిచింది అత్త నా వైపు తిరిగి. "నా తల్లి నెల్లాల్లు నిల్సున్నాది అక్కడ. దానికి నమ్మకం కుదిరీ వరకూ ఈయన్నీ నిలబడనీ."

నేను ఇంకో గుప్పెడు పప్పు వేసి మూత పెట్టాను.